పద్నాలుగు రోజుల గడువు

సరస్సు దగ్గరి సైన్యం విడిది,
1755 సెప్టెంబరు 10

అక్కా,

ఈ ఉత్తరం చేరేలోపు ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు. చెప్పకపోతే నేనే చెప్పాలి. రూఫస్ అన్నయ్య పోయాడు. మొన్న సోమవారం పొద్దున ఆరువందల మందితో లోయదారిన వెళ్తుంటే ఫ్రెంచివాళ్ళు రెండు వైపులా పొదల్లోంచి ఒక్కసారే కాల్చారు. అన్నయ్య గుర్రం దిగి, వెనకవాళ్ళను చెట్ల చాటుకు తప్పుకోమని చెయ్యి ఊపుతున్నాడట. తూటా మెడ పక్కన తగిలింది. ఓబెద్ స్ప్రాగ్ వీపున వేసుకుని వైద్యుల డేరా దాకా మోసుకొచ్చాడు. నీ వంటింట్లో అక్షరాలు దిద్దుకున్న ఓబెదే. నేను డేరాలోనే ఉన్నాను. నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. బాధపడకుండా పోయాడని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాయను.

దారి మధ్యలోనే పూడ్చాం. శత్రువులు తవ్వి తీస్తారని, పైన పిండిబళ్ళు అటూ ఇటూ నడిపించి నేల చదును చేశాం. రేపు నన్ను అడిగినా ఆ చోటు చూపించలేను.

జులైలో ఆల్బనీలో ఉండగా వీలునామా రాసి నా చేతికిచ్చాడు. అమలు చేసే బాధ్యత నాదే. ఇంకా విప్పలేదు. నీకు లోటు చేసి ఉండడు అక్కా. అమ్మ పోయాక మా ఇద్దరినీ సాకినదానివి, ఇరవై ఏళ్ళుగా అన్నయ్య ఇల్లు నడిపినదానివి.

ఇక్కడ గాయపడినవాళ్ళు రెండువందల పైన ఉన్నారు. చేతులు కడుక్కోవడానికి కూడా తీరిక లేదు. కాగితం మీద మరకలకు ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు
అశాహేల్


డీప్‌మెడో,
1755 సెప్టెంబరు 24

తమ్ముడికి,

నీ ఉత్తరం బుధవారం అందింది. ఆదివారమే తెలిసింది. ప్రార్థన మందిరంలో చీటీ పెట్టించాను. "మైండ్‌వెల్ పార్మెలీ, తన తమ్ముడి మరణం తన ఆత్మకు మేలుగా మారేట్టు సంఘాన్ని ప్రార్థన కోరుతోంది" అని. పాస్టరుగారు జబ్బువాళ్ళ చీటీలన్నీ చదివాక చివర్లో నాది చదివారు. జనమంతా నావైపు తిరిగారు, ఏడుస్తానేమోనని. ఏడుపు రాలేదు. ఎడమ కాలి మేజోడుకు చిల్లు పడిందని, ఇంటికెళ్ళగానే కుట్టుకోవాలని ఆలోచిస్తున్నాను.

తోళ్ళు పదును చేసే లూమిస్ పెళ్ళాం గుమ్మం దగ్గర ఆపి, "ఏమమ్మా, సొంత తమ్ముడు పోతే నీ కళ్ళకు నీళ్ళు కూడా కరువేనా?" అంది. "మీ పెరటి గాలి ఇటు తిరిగితే వస్తాయిలే" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

యాపిల్స్ చెక్కి దారాలకు గుచ్చి ఆరబెడుతున్నాను. ఈ ఏడు కాపు ఎక్కువ. పొద్దున్నే ముగ్గురు పిల్లలు వచ్చారు చదువుకి. మామూలుగానే చెప్పాను. రూఫస్ చొక్కాలు ఉతికి మడిచాను. ఎవరికివ్వాలో నువ్వు రాయి.

వెళ్ళే రోజున గుమ్మంలో నిలబడి, "అక్కా, ఈ ఇంట్లోంచి నిన్ను ఎవడూ కదపలేడు. ఆ ఏర్పాటు నేను చేస్తాగా" అన్నాడు. అది గుర్తుకొచ్చింది కాబట్టి రాశాను. వీలునామా కోసం తొందరేమీ లేదు.

నువ్వు తడి బట్టలతో పడుకోకు. నీకు చిన్నప్పటినుంచీ ఛాతీ బలం లేదు.

మైండ్‌వెల్


ఆల్బనీ ఆసుపత్రి,
1755 నవంబరు 18

ప్రియమైన అక్కకు,

వీలునామా విప్పాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇల్లు, మెట్ట, మాగాణి, పడమటి కోట దగ్గర అన్నయ్యకు సర్కారు ఇచ్చిన కొండ నేల, ఇవన్నీ యుద్ధం ముగిసి దేశం నెమ్మదించాక అమ్మేయాలి. ఆ వచ్చినదానితో పడమటి కోట ఊళ్ళో ఉచిత బడి పెట్టాలి. తనతోపాటు కోటలో కాపలా కాసిన సిపాయిలు అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు కదా, వాళ్ళ మగపిల్లలకోసం. ఒకటే షరతు, ఆ ఊరికి పార్మెలీ అని పేరు పెట్టుకోవాలి. లేకపోతే బడి లేదు.

ఇక నీకు. డీప్‌మెడో ఇంట్లో తూర్పు గది, నీ జీవితాంతం. వంటింటి పొయ్యి దాకా నడిచే హక్కు, బావిలో నీళ్ళు, చీల్చి గుమ్మం ముందు వేసిన కట్టెలు, ఒక ఆవుకు మేత. ఇల్లు ఎవరు కొన్నా ఇవన్నీ నీకు ఇవ్వాల్సిందే. "ఆమె పెళ్ళి చేసుకోనంతకాలం" అని ఉంది. అది లాయరు పెట్టిన మాటే, అన్నయ్యది అయ్యుండదు.

ఇంతకన్నా ఎక్కువ ఉంటుందనుకున్నాను. నీకూ అలాగే అనిపిస్తే దాచుకోకుండా రాయి. నేను దాన్ని మార్చలేను గానీ, నీ మాట వింటాను.

అశాహేల్


డీప్‌మెడో,
1755 డిసెంబరు 9

తమ్ముడూ,

గది చాలు. ఆ లాయరుగారికి చెప్పు, నలభై రెండేళ్ళ మైండ్‌వెల్ కోసం గుమ్మంలో ఎవరూ వరస కట్టలేదని.

బడి సంగతి నీకు ఆశ్చర్యమేమో, నాకు కాదు. నువ్వప్పుడు చిన్నవాడివి. రూఫస్ ఓడ పనికి పోయి పందొమ్మిదో ఏట తిరిగొచ్చినప్పుడు తన పేరు రాసుకోవడం రాదు. ఎవరైనా కాగితం ఇస్తే "కళ్ళు మండుతున్నాయి, నువ్వు చదువక్కా" అనేవాడు. ఆ చలికాలమంతా నా వంటింట్లో చంటిపిల్లల బల్ల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. దారిన పోయేవాళ్ళు చూస్తారని కిటికీ తలుపులు మూసి రమ్మనేవాడు. చూసినవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. అందుకే బడి. ఊరికి పేరు కూడా అందుకే అయ్యుంటుంది.

నాకేమనిపిస్తోందో రాయమన్నావు. కోపం లేదు. దుఃఖం కూడా లేదు. పన్ను ఊడిన చోట నాలుకతో తడుముకున్నట్టు, ఉండాల్సిన చోట ఏదీ తగలడం లేదు. పనులు మాత్రం ఆగడం లేదు.

ఆవు ఈనింది. పెయ్యదూడ.

మైండ్‌వెల్


బోస్టన్,
1764 ఏప్రిల్ 2

అక్కా,

దేశం నెమ్మదించి ఏడాది దాటింది. వీలునామా సంగతి ఇక ఆపడానికి లేదు. పడమటి కోటవాళ్ళు ఊరిపేరు మార్చుకోవడానికి ఓటు వేశారు.

పొలాలు అమ్ముడుపోయాయి. ఇల్లే మిగిలింది. దానికి సరైన ధర చెప్పింది ఒక్క లూమిస్. తోళ్ళ పని పెరిగి చోటు చాలడం లేదట. కానీ నీ గది దగ్గర మెలిక పెట్టాడు. "ఇల్లు కొంటే ఇల్లే కొంటాను గానీ, దాంతోపాటు ఒకామెను, ఒక ఆవును కొంటానా?" అంటున్నాడు. మొరటువాడు, కానీ వేరే బేరం లేదు. నువ్వు గది హక్కు వదులుకుని సంతకం పెడితే బడి త్వరగా లేస్తుంది. పెట్టకపోతే ఇంకెన్నేళ్ళో.

నేను బలవంతం చెయ్యను. బోస్టన్ వచ్చెయ్యి. నీ మరదలు లోయిస్ కూడా అదే అంది. మేడమీద పిల్లల బట్టల పెట్టె కాస్త జరిపితే నీకు మంచం పడుతుంది.

బాగా ఆలోచించి రాయి.

అశాహేల్


డీప్‌మెడో,
1764 ఏప్రిల్ 20

తమ్ముడూ,

సంతకం పెట్టాను. లూమిస్ పెళ్ళాం సాక్షి. కాగితం ఈ ఉత్తరంతోనే ఉంది. కలం బాగా లేదు, అందుకే సిరా ఒలికింది.

పిల్లల బట్టల పెట్టె జరపనక్కర్లేదు. లోయిస్‌కు నా మాటగా చెప్పు.

ఓబెద్ స్ప్రాగ్ పడమటి కోట ఊరినుంచి రాశాడు. వాళ్ళింట్లో పక్కగది ఉందట, ఊళ్ళో పాతికమంది పిల్లలున్నారట, ఒక్కరికీ అక్షరం ముక్క రాదట. పెద్ద బడి లేచేదాకా చంటివాళ్ళకైనా చెప్పమంటున్నాడు. వెళ్తాను. రూఫస్ నన్ను ఈ ఇంట్లోంచి ఎవరూ కదపలేరన్నాడు. ఇల్లు ఆ ఊళ్ళో బడిగా లేస్తుంటే నేను కూడా అక్కడికి పోవడమే న్యాయం. మే మొదటి వారంలో చేరతాను.

ఆవును లూమిస్‌కే ఇచ్చేశాను.

మైండ్‌వెల్


పార్మెలీ,
1764 నవంబరు 11

అశాహేల్‌కు,

ఇక్కడ అప్పుడే మంచు పడింది. ఓబెద్ ఇల్లు దుంగలది. నా గది గోడ సందుల్లో నాచు కూరి మట్టి మెత్తాడు. వెచ్చగానే ఉంది. తొమ్మిదిమంది పిల్లలు వస్తున్నారు. ఇళ్ళవాళ్ళు ఒకరు కట్టెలు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు ఉన్ని పంపుతారు. ఓబెద్ భార్య తిర్సా నా కంచంలో ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువే వేస్తుంది. "నువ్వు తింటే పిట్ట ముక్కున కరుచుకున్నట్టు ఉంటుంది పంతులమ్మా, చూడలేకపోతున్నా" అంటుంది.

ఒక సంగతి రాస్తాను, నవ్వకు. ఇక్కడ జనం రోజంతా "పార్మెలీ నుంచి వచ్చాను, పార్మెలీకి పోవాలి" అంటుంటారు. మన ఇంటిపేరు. వింటూ ఉల్లిపాయలు తరుగుతుంటాను. బాగుంటుంది. ఎందుకు బాగుంటుందో తెలియదు. చాలా కాలం తర్వాత ఏదైనా బాగుండటం ఇదే మొదలు.

బడి పునాది కోసం ఒక గుట్ట మీద నాలుగు మేకులు పాతారు. మేకులు మాత్రమే. ఈ నేల మాదంటే మాదని రెండు వలస ప్రాంతాలవాళ్ళు కొట్టుకుంటున్నారట.

చచ్చేదాకా ఇక్కడే ఉండిపోతాననుకుంటున్నాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

అక్క


బోస్టన్,
1765 జనవరి 8

అక్కా,

నీ ఉత్తరం లోయిస్‌కు రెండుసార్లు చదివి వినిపించాను. కానీ నా మనసు ఊరుకోవడం లేదు. యాభై రెండేళ్ళ మనిషివి, దుంగల ఇంట్లో, గుమ్మడికాయకు చదువు చెప్పుకుంటూ! ఆ ఊరికి బడి ఇస్తున్నది మన ఇల్లు. ఆ సంగతి వాళ్ళకు గుర్తు చెయ్యాల్సిన బాధ్యత నాది.

అందుకే ఆ ఊరి పెద్దలకు నిన్న పొడుగాటి ఉత్తరం రాశాను. దాపరికం లేకుండా రాశాను. మా అక్క మీ బడి కోసం తన గది హక్కు వదులుకుంది, ఇప్పుడు ఆమెకంటూ భూమి గానీ ఇల్లు గానీ ఏమీ లేవు, ముందు ముందు ఆమెను కనిపెట్టి చూసుకోవడం మీ ధర్మం, కనీసం ఏటా చలికాలానికి కట్టెలైనా ఊరి తరపున ఇవ్వండి అని. రాశాక మనసు తేలికపడింది. ఇన్నేళ్ళలో నీకోసం నేను చేసిన పని ఇదొక్కటే అనిపించింది.

జవాబు వస్తే నాకు రాయి. కట్టెలు ఎండువేనా చూసుకో.

నీ అశాహేల్


పార్మెలీ,
1765 మార్చి 6

తమ్ముడూ,

నీ ఉత్తరానికి ఊరి పెద్దలు జవాబిచ్చారు. నీకు కాదు, నాకు.

సోమవారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక ఓబెద్ మొహం వేలాడేసుకుని లోపలికొచ్చాడు, మళ్ళీ బయటికెళ్ళాడు, టోపీ పెట్టుకున్నాడు, తన ఇంటి తలుపు తనే బయటినుంచి తట్టాడు. ఈ ఏడాది కానిస్టేబులు పని అతని వంతు.

"రావయ్యా, నీ ఇల్లేగా" అన్నాను.

"ఇప్పుడు కానిస్టేబులుగా వచ్చాను పంతులమ్మా. కూర్చోకూడదు" అన్నాడు.

తిర్సా పొయ్యి దగ్గరినుంచి, "సిగ్గులేదూ నీకు! నోరు లేని మనిషి మీద కాగితం చదవడానికి" అని గరిటె విసిరింది. తగల్లేదు.

కాగితం విప్పి చదివాడు. డీప్‌మెడో నుంచి వచ్చిన మైండ్‌వెల్ అనే పెళ్ళికాని స్త్రీ, ఏ ఆస్తీ లేనిది, ఊరి పెద్దల అనుమతి లేకుండా ఈ ఊళ్ళో ఉంటోంది కాబట్టి పద్నాలుగు రోజుల్లోగా ఊరు విడిచి పోవలసిందిగా హెచ్చరిక. "నిష్క్రమించవలెను" అనే చోట ఆగిపోయాడు. చిన్నప్పుడు కూడా పొడుగు మాటల దగ్గర ఇలాగే నిలబడిపోయేవాడు. నేనే అందించాను. ఆ మాట పలికి, టోపీ తీసేసి, గడప మీద కూర్చుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. వేడి పాలు ఇచ్చాను.

"భయపడకు. ఈ ఊళ్ళో సగంమందికి ఈ కాగితం ఇచ్చాం. ఒక్కరూ కదల్లేదు. ఊరికే మామూలు" అన్నాడు.

"మరి పదిహేనో రోజున ఏం చేస్తారు?" అన్నాను.

"ఏం చెయ్యరు. మామూలుగా పిల్లలకు చెప్పుకో. కాకపోతే రేపెప్పుడైనా నీకు కాలో చెయ్యో పడిపోతే ఊరు చూడదు. ఎక్కడినుంచి వచ్చావో అక్కడికి బండిలో దింపేస్తారు. కాగితం ఇవ్వకుండా ఏడాది నిండితే నువ్వు ఈ ఊరిదానివి అయిపోయేదానివి. పెద్దలు నీ సంగతే మర్చిపోయారు పంతులమ్మా. మే నెల వచ్చేసేది. ఇంతలో మీ తమ్ముడుగారి ఉత్తరం వచ్చింది. 'ఏమీ లేనిదని సొంత తమ్ముడే రాశాడు, రేపు మన నెత్తిన పడుతుంది' అన్నారు. అంతే" అన్నాడు.

ఇంకో రెండు నెలలు, అశాహేల్. నువ్వు ఆ ఉత్తరం రాయకుండా ఉంటే నేను ఇక్కడిదాన్నే.

నువ్వు అబద్ధం రాయలేదు. నాకు ఏమీ లేదు. ఈ చట్టం నీకు తెలియదని అనుకోవడానికి లేదు, మన ఊళ్ళో నాన్నే పదేళ్ళు ఊరి పెద్దగా ఇలాంటి కాగితాలు పంపించాడు. భోజనాల బల్ల మీదే సంతకాలు పెట్టేవాడు. అందుకే ఏమనుకోవాలో తెలియడం లేదు. అడగను కూడా అడగను.

కట్టెలు రాలేదు.

మైండ్‌వెల్


బోస్టన్,
1765 ఏప్రిల్ 1

అక్కా, అక్కా,

ఏం రాశావు నువ్వు! నీ ఉత్తరం చదివి ఆ పూట రోగులను చూడలేకపోయాను. నాన్న సంతకం పెట్టడం నాకూ గుర్తుంది. కానీ అవి ఎవరో దారినపోయేవాళ్ళమీద, పనివాళ్ళమీద పెట్టేవాడు. నీ మీద, మేజర్ పార్మెలీ అక్కమీద అలాంటి కాగితం తయారవుతుందని నా తలకెక్కడ తడుతుంది?

నిన్ను అక్కడినుంచి వెళ్ళగొట్టించి ఇక్కడికి రప్పించాలని నేను పన్నాగం పన్నానని నీ అనుమానం. అడగనంటూనే అడిగావు. దేవుని ఎదుట చెబుతున్నాను, అలాంటి ఆలోచన నా మనసు దరిదాపుల్లో లేదు. బైబిలు మీద చెయ్యి పెట్టి రాస్తున్నాను. లోయిస్ చూస్తోంది. నిన్ను ఇక్కడికి రప్పించుకోవాలని ఆ ఉత్తరంలో ఒక్క మాటైనా రాయలేదు, అనుకోలేదు. నువ్వు ఉండాలనుకున్న చోటే సుఖంగా ఉండాలని రాశాను. ఈ ఒక్కటి నమ్ము.

ఊరి పెద్దలకు మళ్ళీ రాశాను. మర్యాదగా జవాబిచ్చారు. మేజరుగారంటే ఎంతో గౌరవమట, కాగితం వెనక్కి తీసుకునే పద్ధతి లేదట.

నమ్మానని ఒక్క ముక్క రాయి.

అశాహేల్


పార్మెలీ,
1765 మే 27

తమ్ముడూ,

నమ్మాను.

పిల్లలు పన్నెండుమందయ్యారు. వానలు ఎక్కువగా ఉన్నాయి.

మైండ్‌వెల్


బోస్టన్,
1785 సెప్టెంబరు 15

అక్కా,

ఇరవై ఏళ్ళుగా ఏడాదికొక ఉత్తరం, అందులో వానల సంగతి, మంచు సంగతి. నేనూ అలాగే రాస్తూ వచ్చాను. లోయిస్ పోయినప్పుడు కూడా మనం నాలుగు వరుసలతో సరిపెట్టాం. ఈసారి మాత్రం వానల సంగతి రాయను.

బడి లేచింది! సరిహద్దు తగాదా తీరి, రాజుగారితో యుద్ధం ముగిసి, ముప్పై ఏళ్ళకు లేచింది. నాలుగంతస్తుల ఇటుక మేడ. నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు. అక్టోబరు ఇరవయ్యో తారీకు గురువారం తెరుస్తారు. ట్రస్టీలలో నా పేరు కూడా ఉంది. ఇంకో మాట, దీన్ని కాలేజీగా మార్చమని శాసనసభకు అర్జీ పెడుతున్నాం. పార్మెలీ కాలేజీ! చంటిపిల్లల బల్ల మీద కూర్చున్నవాడి పేరు మీద.

నేను వస్తున్నాను. అరవై ఏళ్ళవాణ్ణి, నాలుగు రోజుల ప్రయాణం, అయినా వస్తున్నాను. ముందు వరసలో నా పక్కన నీకు కుర్చీ వేయమని రాశాను. అన్నయ్య ఎలా ఉండేవాడో చెప్పమని నన్ను అడిగారు. బొమ్మ ఒక్కటీ లేదు కదా. నాకు ఆయన గొంతు గుర్తుంది గానీ మొహం సరిగా రావడం లేదు. నువ్వే చెప్పాలి.

నీ అశాహేల్


డీప్‌మెడో,
1785 అక్టోబరు 14

తమ్ముడూ,

దీన్ని పార్మెలీకే పంపిస్తున్నాను, బడి తెరిచే రోజుకు నీ చేతికి అందుతుందని. నేను అక్కడ ఉండను. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వు.

జరిగింది రాస్తాను. రెండేళ్ళ కింద ఓబెద్ పోయాడు. ఆ ముందే తిర్సా. వాళ్ళ కొడుకు ఇంట్లో నన్ను ఉండనిచ్చాడు. మంచివాడే, ఆరుగురు పిల్లలు. మార్చిలో మంచు మీద జారి తుంటి విరిగింది. మంచంలోంచే చదువు చెప్పాను. వేసవి నాటికి పిల్లలు రావడం మానేశారు. ఇళ్ళవాళ్ళను తప్పు పట్టలేను. ఊరికే చెప్పే బడి ఇటుకలతో లేస్తుంటే నాకు కట్టెలెందుకిస్తారు? రూఫస్ బడిలో మగపిల్లలకు అక్షరాలనుంచీ చెబుతారట. ఆడపిల్లలు ఇద్దరు మిగిలారు, వాళ్ళమ్మ వాళ్ళను నేతపనికి పెట్టింది.

ఊరి పెద్దలు వచ్చి చూశారు. ఇరవై ఏళ్ళనాటి కాగితం పుస్తకంలో ఉంది. దాని ప్రకారం నేను డీప్‌మెడో మనిషిని. సోమవారం బండి ఎక్కించారు. గడ్డి వేశారు, దుప్పటి ఇచ్చారు. ఎవరూ కసరలేదు.

బడి ముందునుంచే బండి వెళ్ళింది. కిటికీలకు అద్దాలు బిగిస్తున్నారు.

పక్క ఊరి పొలిమేరలో ఇంకో కానిస్టేబులు నన్ను అందుకున్నాడు. కుర్రవాడు. రసీదు రాస్తూ, "పేరేమిటి మామ్మా?" అన్నాడు. "మైండ్‌వెల్ పార్మెలీ" అన్నాను. "ఊరిపేరు రాశాలే, ఇంటిపేరు చెప్పు" అన్నాడు. "ఇంటిపేరే" అన్నాను. "ఊరిపేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నావా? అంత ప్రేమేమిటి ఆ ఊరంటే!" అని నవ్వాడు. మైండ్‌వెల్ అని మాత్రం రాసుకుని వదిలేశాడు.

ఇక్కడ నన్ను ఏటి ఒడ్డున ఒక రైతు ఇంట్లో పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు. మనల్ని ఎరగరు. ఇంటామె నెమ్మదైనది. మొక్కజొన్న గంజి పోస్తుంది.

రూఫస్ మొహం అడిగావు. చెవులు పెద్దవి, ఎడమ చెవి కొంచెం ముందుకు ఉండేది. నవ్వితే కింది పెదవి ఒక పక్కకు పోయేది. ఇంతే చెప్పు, చాలు.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఇరవై ఏళ్ళ కింద అడగాల్సింది. ఊరి పెద్దలకు ఆ ఉత్తరం రాసినప్పుడు వాళ్ళు నన్ను నీ దగ్గరికి తరిమేస్తారని నీకు తెలుసా? తెలిసే రాశావని మొదట అనుకున్నాను. నువ్వు దేవుని ఎదుట కాదన్నావు. నమ్మానని రాశాను. నమ్మాక ఎలా ఉందో రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

నువ్వు కుట్ర పన్నావని అనుకున్న ఆ కొద్ది వారాలూ, అశాహేల్, నేను కోపంగా ఉన్నాను, బతికి ఉన్నాను. ఎవరో ఒకరికి నేను కావలసి వచ్చాను, దానికోసం తప్పుడు పని కూడా చేశాడు అనుకున్నాను. రూఫస్‌కు బడి కావాలి, లూమిస్‌కు గది కావాలి, ఊరికి పేరు కావాలి. నేను కావాలని ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. నువ్వు చేశావనుకుంటే, నువ్వేమో బైబిలు మీద చెయ్యిపెట్టి కాదన్నావు. ఆ రోజు నా గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. రూఫస్ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఇక దేనికీ రాలేదు.

నీ దగ్గరినుంచి ఇంకేమీ అక్కర్లేదు. దీనికి ఒక్కదానికి జవాబు రాయి. నా చూపు మందగించింది, ఇంటామెకు చదవడం రాదు. అక్షరాలు పెద్దవిగా రాయి.

అక్క


పార్మెలీ,
1785 అక్టోబరు 20

అక్కా,

తెలుసు.

తెలిసే రాశాను. వాళ్ళు నిన్ను పొమ్మంటారని, నువ్వు మా ఇంటికి వస్తావని రాశాను. ఆ రోజు బైబిలు మీద చెయ్యి పెట్టి నేను దేవుని ఎదుట అబద్ధం ఆడాను. నువ్వు కావాలనే చేశాను.

సభ నడుస్తోంది. నేను లేచి వచ్చేశాను. డీప్‌మెడోకు బండి కట్టించాను.

నీ తమ్ముడు
అశాహేల్